శకునం కాదు, వాషరు

నేను రాగి వాషర్లు అమ్ముకుని బతికేదాన్ని. వాషర్లు కొననంటూ నా కొట్టు ముందు నిలబడి గొంతు చించుకున్న మనిషి పోయిందంటే ఇంతలా ఏడుస్తానని ఎవరన్నా చెప్పి ఉంటే నవ్వేదాన్ని. మొన్న పొద్దున షట్టరు ఎత్తుతుంటే వాళ్ళమ్మాయి ఫోను చేసింది. "అక్కా, అమ్మ పోయింది," అంది. సగం ఎత్తిన షట్టరు కిందే నిలబడిపోయాను. ఫిల్టరు కోసం వచ్చిన ఒకాయన వెనక నుంచి, "ఏందమ్మా, తీస్తావా, మూస్తావా?" అన్నాడు. మూసేసి బస్టాండుకు పోయాను.

నరసరావుపేటలో మాది పాత డీజిలు బండ్ల సామాన్ల కొట్టు. నాన్న పెట్టాడు, ఆయన తరవాత నేను కూర్చున్నాను. మొదట్లో రైతులు వచ్చి, "మగాళ్ళెవరూ లేరా అమ్మాయ్?" అని అడిగేవాళ్ళు. "ఉన్నారు, ఇంట్లో వంట చేస్తున్నారు. నీకేం కావాలో చెప్పు బాబాయ్," అనేదాన్ని. కొత్త ట్రాక్టర్లున్న వాళ్ళు షోరూములకు పోతారు. షోరూమువాళ్ళు "దీనికి సామాన్లు రావడం ఆగిపోయాయి, అమ్మేసుకో" అని చెప్పాక కూడా అమ్ముకోలేని వాళ్ళు నా దగ్గరికి వస్తారు. అంటే నా దగ్గరికి వచ్చేవాళ్ళలో మొండివాళ్ళు కానివాళ్ళు తక్కువ. ఆమె ముందు మాత్రం వాళ్ళంతా దిగదుడుపే.

మొదటిసారి వచ్చినప్పుడు నూలు చీర మీద మగవాళ్ళ పొడుగు చేతుల చొక్కా తొడుక్కుని ఉంది. మిరప కోతలకు పోయే ఆడవాళ్ళంతా అలాగే తొడుక్కుంటారు గానీ, ఈమె చొక్కా జేబులో స్క్రూడ్రైవరు ఉంది. పొట్టి మనిషి. మాట్లాడే ముందు గడ్డం పైకెత్తేది. వెనకాల ఆమె భర్త, బాగా పొడుగు, చేతిలో సంచీ పట్టుకుని గోడకి ఆనుకున్నాడు.

"ఏమే అమ్మాయ్, పాత బండ్ల మర్మం తెలిసినోళ్ళు ఎవరన్నా ఉన్నారా ఈడ?"

"నేనే అత్తా. చెప్పు."

నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. నేనూ చూశాను.

"అట్టాగయితే నువ్వు కూడా చొక్కా తొడుక్కోవే. చీరకి గ్రీజు అంటితే పోదు," అంది. మా పరిచయం అంతే.

వాళ్ళది బెల్లంకొండ వైపు ఊరు. సత్తెనపల్లిలో బోలెడు కొట్లుండగా ఇంత దూరం ఎందుకొచ్చావని అడిగాను. "ఆళ్ళెవరితోనూ నాకు మాటల్లేవు," అంది. వెనక నుంచి భర్త తల ఊపాడు. సత్తెనపల్లి కొట్లన్నీ తగాదాలతో అయిపోయాక నా వంతు వచ్చిందన్నమాట. స్టూలు చూపించి కూర్చోమన్నాను. "కూర్చుంటే మాట మెత్తబడుద్ది," అని నిలబడే ఉంది. ఆ తరవాత ఎన్నేళ్ళు వచ్చినా నా కొట్లో ఆమె ఏనాడూ కూర్చోలేదు.

ఆమె బాధల్లా ఒకటే. సాయంత్రం చక్కగా పనిచేసి ఇంటికి చేరిన ట్రాక్టరు పొద్దున లేవదు. సెల్ఫ్ కొట్టీ కొట్టీ బ్యాటరీ నీరసించిపోతుంది. ఫిల్టరు విప్పి చూస్తే అందులో డీజిలు బొట్టు ఉండదు. ట్యాంకులో మాత్రం నిండుగా ఉంటుంది. బండి కింద అట్టముక్క పరిచి చూసింది, ఒక్క చుక్క మరక లేదు.

"కారట్లేదు, కానీ కాళీ అవుతుంది. ఎవడో రాత్రిపూట వచ్చి మరలు విప్పి పోతున్నాడు. పక్కింటోళ్ళే. నాకు తెలుసు," అంది.

"పక్కింటోళ్ళకి డీజిలు కావాలంటే ట్యాంకులోంచి తీసుకోరా అత్తా? ఫిల్టర్లో ఉన్న గుక్కెడు ఎందుకు?"

"దొంగతనం కాదే, కడుపుమంట. నా బండి లేవకూడదని."

పల్నాడులో బండి లేవకపోతే మెకానిక్కును పిలిచే ముందు పక్కింటివాణ్ణి అనుమానించడం మామూలే. కానీ ఈమె అక్కడితో ఆగలేదు. ట్రాక్టరు పక్కనే మంచం వేసుకుని, కర్ర పక్కన పెట్టుకుని కొన్నాళ్ళు కాపలా పడుకుంది. ఎవరూ రాలేదు. బండి అయినా లేవలేదు. మరి ఎవరూ రాలేదు కదా అంటే, "నేను కాపలా ఉన్నానని తెలిసి రాలేదు," అంది.

"చాల్లేవే," అన్నాడు భర్త. ఆయన నోటి నుంచి నేను మొదట విన్న మాట అది. చాలా ఏళ్ళ పాటు ఆయన నోటి నుంచి నేను విన్న మాట కూడా అదొక్కటే.

ఆమెకి నేను బల్ల మీద గ్లాసు పెట్టి, స్ట్రా వేసి చెప్పాను. ఆమె బండికి ట్యాంకు కింద, సీటు దగ్గర ఉంటుంది. ఫిల్టరు, పంపు పైన ఉంటాయి. ఇంజను తిరిగినంతసేపూ డీజిలును పైకి లాక్కుంటుంది. ఆపాక ఆ డీజిలు పైపులో అలా నిలబడే ఉండాలి. స్ట్రా పైకొనను వేలితో మూసి ఎత్తితే నీళ్ళు అందులోనే ఆగుతాయి కదా, అలాగ. వేలు కాస్త సందిచ్చిందా, గాలి దూరి నీళ్ళు కిందికి జారిపోతాయి. బండిలోనూ అంతే. ఏదో ఒక అతుకు దగ్గర వెంట్రుకంత సందు ఉంది. అక్కణ్ణుంచి డీజిలు బయటికి రాదు, గాలి లోపలికి పోతుంది. గాలి దూరినంత డీజిలు తిరిగి ట్యాంకులోకి దిగిపోతుంది. పొద్దున ఇంజనుకు తాగడానికి గాలి తప్ప ఏమీ ఉండదు.

స్ట్రా తీసుకుని ఆమె కూడా వేలు పెట్టి చూసింది, తీసి చూసింది. తరవాత గడ్డం ఎత్తింది.

"అయితే పక్కింటోళ్ళు కాదంటావు."

"కాదు."

"వాళ్ళు మంచోళ్ళని మటుకు నేను ఒప్పుకోను," అంది.

ఇంత పట్టుదల ఎందుకో అప్పుడు చెప్పింది. వాళ్ళ ఊళ్ళో ఏరువాక పున్నమికి ఒక పద్ధతి ఉంది. వెనకటికి ఎద్దుల్ని కడిగి, కొమ్ములకు రంగులేసి, ఊరి ముందు కట్టిన గోగునార తోరణం కింద తోలేవాళ్ళు. ఇప్పుడు ఎద్దుల్లేవు కాబట్టి ట్రాక్టర్లు తోలుతున్నారు. ముందురోజు సాయంత్రమే బండ్లన్నీ కడిగి, పసుపు కుంకాలు పెట్టి, బడి ముందు చదునులో వరసగా నిలబెడతారు. పొద్దున కొబ్బరికాయ కొట్టి ఒక్కొక్కటే లేపి తోరణం కింద నుంచి చేలోకి తోలతారు. వరసలో లేవని బండి ఆ ఏడాదికి మంచిది కాదని పట్టింపు. దాన్ని ఎవరూ మొదటి దుక్కికి పిలవరు. నిరుడు ఆమె బండి లేవలేదు. ఊరంతా చూస్తుండగా సెల్ఫ్ గుర్రుమని గుర్రుమని చచ్చిపోయింది. ఆ తరవాత సీజనంతా ఊళ్ళో ఎవరూ బండిని దుక్కికి పిలవలేదు, బయటి తోలకాలతోనే నెట్టుకొచ్చారు. కిరాయికి దున్ని, మిరపకాయలు తోలి బతికే ఇల్లు అది. వాళ్ళకున్న పొలం చీర కొంగంత. మళ్ళీ ఏరువాక రెండు నెలల్లో ఉంది. ఈసారి కూడా లేవకపోతే ఇనప సామాన్లవాడు తప్ప ఆ బండిని అడిగే దిక్కు ఉండదు.

"ఆదివారం చర్చిలో ముందు వరసలో కూర్చునేదానికి ఏరువాక నీకెందుకమ్మా, వరసలో పెట్టకపోతే పోయె, అన్నాడు మా ఊరి పెద్దాయన," అంది. "దున్నే నేలకి మతమేంది బాబాయ్, అన్నా. నా బండికీ మామిడాకులు కడతా, నా బండీ వరసలో ఉంటది."

మరి ఇన్నాళ్ళూ పొద్దుటిపూట బండిని ఎలా లేపుతున్నావని అడిగితే గర్వంగా చెప్పింది: వాలులో పెట్టి. బండి మూతి పల్లానికి ఉండేలా నిలిపితే వెనక ట్యాంకు ఎత్తున ఉంటుంది, డీజిలు వెనక్కి పోదు. దానికి తోడు బ్యాటరీ లేకపోయినా దొర్లించి లేపొచ్చు. ఏటవాలు కనపడితే ఆమె వదిలేది కాదు. ఒకసారి పత్తి తోలుకుని పేటకు వచ్చి, మా వీధి చివర కల్వర్టు దిగుడులో బండి నిలిపి, చక్రానికి రాయి అడ్డం పెట్టి నా కొట్టుకు వచ్చింది. వెనక ఆటోలు హారన్లు మోగిస్తున్నాయి. ఆమెకు వినపడనట్టే ఉంది. వాళ్ళ ఊళ్ళో కూడా ఇదే తంతు. వాగు చప్టాకు దిగే దారిలో రోజూ బండి పెట్టేది. ఊరివాళ్ళు గొడవ చేస్తే, "ఈ ఊళ్ళో దారులు నాలుగున్నాయి. వాలు ఒక్కటే ఉంది. మీరే తిరిగి పోండి," అందట. ఏం చేస్తారు, తిరిగి పోయారు.

కానీ బడి ముందు చదునులో వాలు లేదు. అందుకే నా దగ్గరికి వచ్చింది.

నేను వ్యాపారం చేసేదాన్ని కదా, పైపులో వెయ్యడానికి నాన్ రిటన్ వాల్వు తీసి చూపించాను. డీజిలు ఒకవైపే పోతుంది, వెనక్కి రానివ్వదు, బిగించుకుంటే నీ బాధ తీరిపోతుందని చెప్పాను. దాన్ని నోట్లో పెట్టుకుని అటు ఊదింది, ఇటు ఊదింది. తిరిగి బల్ల మీద పెట్టేసింది.

"తలుపైతే ఏస్తావు. దొంగ ఇంట్లోనే ఉంటాడుగా. గాలి యాడ దూరుతుందో చెప్పు ముందు."

నాకు ఒళ్ళు మండింది, ఎందుకంటే ఆమె చెప్పింది నిజం. వాల్వు వేస్తే డీజిలు వెనక్కి జారడం తగ్గుతుంది గానీ గాలి దూరే సందు అలాగే ఉంటుంది. నాన్న బతికుంటే ఆయన కూడా ముందు ఆ సందు పట్టుకోమనే చెప్పేవాడు. సరే అని లోపల కనపడే ప్లాస్టిక్ గొట్టం మూరెడు కోసి ఇచ్చాను. దాన్ని పైపు మధ్యలో పెట్టి ఇంజను లేపితే డీజిల్లో బుడగలు కనపడతాయి. అప్పుడు ఒక్కొక్క అతుకుకీ చుట్టూ గ్రీజు పూసుకుంటూ రావాలి. ఏ అతుకుకి పూస్తే బుడగలు ఆగిపోతాయో దొంగ అక్కడే ఉన్నాడు.

వారానికి తిరిగి వచ్చింది. తువ్వాలు ముడి విప్పి రాగి వాషరొకటి బల్ల మీద వేసింది. ట్యాంకు నుంచి పైపు బయలుదేరే చోట బోల్టు కింద ఉండేది అది. నొక్కులు పడి, నల్లబడి ఉంది.

"ఇదే. పూసిన నిమిషానికి బుడగలు ఆగినయ్యి," అంది.

"దీన్ని ఎన్నేళ్ళ నుంచి బిగిస్తున్నావత్తా?"

"లేవనప్పుడల్లా బిగిస్తన్నా. స్పానరు మీద సుత్తితో కూడా కొట్టా."

రాగి వాషరు మెత్తగా ఉన్నంతకాలమే అతుకును పట్టుకుంటుంది. నలిగి నలిగి గట్టిపడితే ఎంత బిగిస్తే అంత సందు ఇస్తుంది. ఈ సంగతి చెప్పి, కొత్త వాషర్ల పొట్లం, డీజిలు పైపు తీసి ముందు పెట్టాను. పైపు పగుళ్ళిచ్చింది కాబట్టి తీసుకుంది. వాషర్ల పొట్లం మాత్రం వెనక్కి తోసింది. రాగి రాగేనని, అరగలేదు, విరగలేదని, ఎందుకు కొనాలని వాదన. అరగంట వాదించుకున్నాం. కొట్లో మనుషులు తమ పని మానేసి చూస్తున్నారు. చివరికి నేను అరిచాను: "కొనకపోతే మానెయ్. పోయి పొయ్యిలో పెట్టి కాల్చుకో!"

"చాల్లేవే," అన్నాడు భర్త. ఆమెనో నన్నో తెలియలేదు.

కోపంలో అన్నాను గానీ, అది ఉత్త తిట్టు కాదు. సామాన్లు దొరకని రోజుల్లో నాన్న చేసిన పనే అది. గట్టిపడ్డ రాగిని ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచితే మళ్ళీ మెత్తబడుతుంది. ఆమె అక్కడే నా కళ్ళలోకి చూసి, "కాలిస్తే ఏమైద్ది?" అని అడిగింది. చెప్పక తప్పలేదు. నా కొట్లో నిలబడి, నా వ్యాపారం నా నోటితోనే చెడగొట్టించింది మహాతల్లి.

ఆ రోజు నుంచి ఆమె గ్యాసు పొయ్యి సగం వర్క్‌షాపు అయింది. కూర దించి, అదే మంట మీద పట్టకారుతో వాషరు పట్టుకునేది. ఎర్రబడగానే చెంబులో వేసేది, చుయ్యిమనేది. తరవాత ఇంట్లో నాపరాళ్ళ నేల మీద కాస్త డీజిలు చుక్కేసి, నొక్కులు పోయి నున్నగా అయ్యేదాకా గుండ్రంగా రుద్దేది. వాళ్ళ పాస్టరుగారు ఏరువాక ముందు వచ్చి బండి కోసం ప్రార్థన చేస్తానన్నారట. "చెయ్యండయ్యా, వద్దన్లా. ఈ ఒక్క బోల్టు బిగించనీయండి, అప్పుడు చేద్దురు," అందట.

ఏరువాకకి నేను వెళ్ళాను. వ్యాపారం చెడగొట్టిన కస్టమరు పండక్కి ఎందుకు పోయావని మా ఇంట్లో అడిగారు. బండి లేస్తుందో లేదో చూడకపోతే నాకు అన్నం సయించేలా లేదు. వాళ్ళమ్మాయి సత్తెనపల్లి బస్టాండుకు వచ్చి తీసుకుపోయింది. అప్పటికే ఆ పిల్ల డ్రైవింగు నేర్చింది, వాళ్ళమ్మ నేర్పింది.

బడి ముందు ట్రాక్టర్లన్నీ పెళ్ళివారిలా తయారై ఉన్నాయి. ఆమె బండిని అన్నిటికీ చివర పెట్టించారు. రాత్రంతా ఆ చదునులోనే ఉంది. పెద్దాయన, ఊళ్ళో కొత్త బండ్లున్న ఆసామీ, కొబ్బరికాయ కొట్టాడు. ఆయన చెడ్డవాడేం కాదు, శకునాల మనిషి, అంతే. పిల్లి ఎదురొచ్చినా, తుమ్మినా ఆగిపోయేవాడు. ఒక్కొక్క బండీ లేచి తోరణం వైపు కదిలింది. చివరికి ఈమె వంతు వచ్చింది. భర్త ఎప్పటిలాగే మడ్‌గార్డు మీద కూర్చున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. జనం మెడలు చాచి చూస్తున్నారు. నిరుడు ఏం జరిగిందో అందరికీ గుర్తుంది.

ఆమె కీ తిప్పింది. ఒక్కసారికే ఇంజను అందుకుంది. నల్లపొగ ఒక్క ముద్ద వదిలి, నిలకడగా తిరుగుతోంది. నేను పిచ్చిదానిలా చప్పట్లు కొట్టాను. పెద్దాయన మొహం కూడా విప్పారింది. నిజంగానే సంతోషించి, "ఈ ఏడు నీ శకునం బాగుంది అమ్మాయ్. రా, అందరికన్నా ముందు నువ్వే పో తోరణం కిందకి," అన్నాడు. ముందున్న బండ్లవాళ్ళు పక్కకు జరిగి దారిచ్చారు కూడా. అంతటితో అయిపోయింది, కథ సుఖాంతం అనుకున్నాను.

ఆమె ఇంజను ఆపే రాడ్డు లాగింది. బండి ఆగిపోయింది.

జనంలోంచి అయ్యయ్యో అని లేచింది. వరసలో లేచిన బండిని ఆపడం కన్నా కీడు ఇంకోటి లేదట. ఇంజను చప్పుడు మీద మాట్లాడీ మాట్లాడీ ఆమెకు మామూలు గొంతు ఎప్పుడో పోయింది. మిగతా బండ్ల మోత మధ్య కూడా ఆమె మాటలు ఊరంతా విన్నది.

"నిరుడు లేవకపోతే శకునం అన్నావు, ఈ ఏడు లేస్తే శకునం అంటన్నావు. రెండూ కాదు బాబాయ్. నిరుడు వాషరు చెడింది, ఈ ఏడు వాషరు బాగుంది. శకునం కాదు, వాషరు!" అని కిందికి దిగింది. "ఈ బండి ఈడనే ఉంటది. ఇయ్యాల నేను చేలోకి పోను. రేపు పొద్దున రండి. కొబ్బరికాయ ఉండదు, తోరణం ఉండదు, ఏమీ ఉండదు. అప్పుడు లేస్తే నన్ను దుక్కికి పిలవండి. లేవలేదనుకో, నా చేత్తో నేనే దీన్ని ఇనప సామాన్లోడికి తోలేస్తా. శకునం బాగుందని పిలిచేవాడి చేలో నేను దున్నను."

"చాల్లేవే," అన్నాడు భర్త. మడ్‌గార్డు దిగి ఆమె పక్కకు వచ్చాడు.

నాకైతే ఆమెను కొట్టాలనిపించింది. చేతికందిన ముద్దను విసిరికొట్టే మనిషిని ఏమనాలి? ఇంటిదాకా తిట్టుకుంటూనే వచ్చాను. ఊరుకుంటే ఏం పోయేది, ముందు పిలుపులు రానిచ్చి తరవాత చెప్పుకోవచ్చు కదా అన్నాను. ఆమె బియ్యం కడుగుతూ, "వచ్చే ఏడు మళ్ళీ ఏదన్నా చెడితే? మళ్ళీ శకునం అంటారు. మళ్ళీ ఒక ఏడు పస్తు. నీకు తెలవదు అమ్మాయ్, ఆ మాటకి మందు లేదు. వాషరుకైతే ఉంది," అంది. ఆ రాత్రి వాళ్ళింట్లోనే ఉన్నాను. ఆమె గురక పెట్టి నిద్రపోయింది. మేలుకుని ఉన్నది ఆయనా నేనూ.

తెల్లారేసరికి బడి ముందు ఏరువాక నాటి కన్నా ఎక్కువమంది ఉన్నారు. పెద్దాయన కూడా కండువా వేసుకుని వచ్చాడు. ఆమె వచ్చింది, ఎక్కింది, కీ తిప్పింది. ముందురోజు లాగే ఒక్కసారికే లేచింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నేనూ కొట్టలేదు. తరవాత ఒక రైతు గొంతు సవరించుకుని, "మద్దేన్నం మా పత్తి చేలోకి వస్తావా?" అని అడిగాడు. "మద్దేన్నం లోపు ఇంకెవరన్నా అడుగుతారేమో చూసి చెప్తా," అంది ఆమె. అప్పుడు నవ్వారు అందరూ, పెద్దాయనతో సహా.

ఆ తరవాత ఆమె నా కొట్టుకు వస్తూనే ఉండేది. కొనేది తక్కువ, చెప్పేది ఎక్కువ. ఎవరన్నా కొత్త వాషరు అడిగితే నా ముందే, "కొత్తది ఎందుకయ్యా, పొయ్యి మీద కాల్చుకో," అని చెప్పేది. బండి ఆపేటప్పుడు ట్యాంకు నిండా డీజిలు ఉంచాలని, ఎండకు ఎండిన రబ్బరు పైపును నమ్మకూడదని, అతుకును బలంతో కాదు శుభ్రంతో బిగించాలని, కొట్టుకొచ్చిన ప్రతివాడికీ క్లాసు పీకేది. సుత్తితో కొట్టిన సంగతి గుర్తు చేస్తే, "అది వేరే సుత్తి," అనేది. ఓడిపోవడం ఆమెకు చేతకాని పని. చాలా ఏళ్ళు నాకు అది చిరాకు. ఎప్పటి నుంచో తెలియదు, ఆమె రాని వారం కొట్టు బోసిగా ఉండేది.

ఈమధ్య జబ్బు చేసింది. పేటలో ఆస్పత్రిలో పెట్టారు. చూడటానికి వెళ్తే మంచం మీద కూడా దిండు ఒరుగు లేకుండా నిటారుగా కూర్చుని ఉంది. నన్ను చూసి చొక్కా ఎందుకు తొడుక్కోలేదని అడిగింది. వాళ్ళమ్మాయి బయటికి పోయాక నేనే అన్నాను, బండి నెల పైనే కదల్లేదట, అదీ వాలులో కూడా లేదట, చదునులోనే ఉందట, ఎవరన్నా అప్పుడప్పుడూ లేపి చూడమని చెప్పనా అని.

"ఎందుకు? లేచిద్ది," అంది.

"నువ్వు లేవు కదత్తా దగ్గర."

"నన్ను చూసి కాదుగా అది లేచేది," అంది. నాకు ఏడుపొచ్చింది. ఏడవొద్దని కూడా అనలేదు ఆమె. మొహం అటు తిప్పుకుని నా చెయ్యి పట్టుకుంది. గరుకు చెయ్యి, వేలికొసల్లో కాలిన మచ్చలు.

మొన్న నేను వెళ్ళేసరికి పెట్టె ట్రాలీలోకి ఎక్కించి ఉంది. ఆమె ట్రాక్టరు ట్రాలీనే. కూతురు పట్టుబట్టి పూలు కట్టించింది. పాస్టరుగారు ప్రార్థన ముగించారు. సమాధుల తోట వాగు అవతల ఉంది. అప్పుడు పెద్దాయన ముందుకొచ్చి, మెల్లగా, నిజంగా బాధతోనే అన్నాడు: "ఆ బండి నెల నుంచి కదల్లేదయ్యా. శవాన్ని పెట్టుకుని అది లేవకపోతే చూసేవాళ్ళకు బాగుండదు, చానా అపశకునం. మా కొత్త బండి తగిలించండి. నేను తెప్పిస్తా."

కొందరు సరేనని తల ఊపారు. కూతురు వాళ్ళ నాన్న వైపు చూసింది. నేనూ చూశాను. ఎప్పుడూ గోడకో మడ్‌గార్డుకో ఆనుకుని ఉండే ఆ మనిషి నిటారుగా నిలబడి ఉన్నాడు.

"లేచిద్ది," అన్నాడు.

ఆయన వెళ్ళి ఆమె సీట్లో కూర్చున్నాడు. ఆయనకు తోలడం రాదు. ఇన్నేళ్ళలో ఆ సీట్లో ఆయన్ని చూడటం నాకు అదే మొదలు. కీ తిప్పాడు. ఒక్కసారికే ఇంజను అందుకుంది. ట్రాలీలో పూలు అదిరాయి. ఆడవాళ్ళు ఒక్కసారిగా గొల్లుమన్నారు. పెద్దాయన కళ్ళు తుడుచుకుని, చేతులెత్తి మొక్కి, "మహాతల్లి. పోతా పోతా కూడా మంచి శకునం చూపించింది," అన్నాడు.

భర్త ఆయన వైపు చూశాడు. కిందికి వంగి రాడ్డు లాగాడు. ఇంజను ఆగిపోయింది. ఏడుపులు కూడా ఆగిపోయాయి.

"శకునం కాదు బాబాయ్," అన్నాడు, అందరికీ వినపడేంత గట్టిగా. "వాషరు."

మళ్ళీ కీ తిప్పాడు. మళ్ళీ లేచింది. ఆయన సీటు దిగి తన చోటికి, మడ్‌గార్డు మీదికి జరిగాడు. కూతురు ఎక్కి స్టీరింగు పట్టుకుంది. వాగు దారి పట్టాం.